నాలుగు రావలసిన చోట మూడు వచ్చినపుడు

ప్రయోగశాలలో విద్యార్థికి ఎదురయ్యే అసలు పరీక్ష సంవత్సరాంతమున వచ్చేది కాదు. పుస్తకములో ఒక విలువ ఉండి, బల్ల మీది పరికరము మరొక విలువ చూపిన క్షణముననే ఆ పరీక్ష జరిగిపోతుంది. ఆ క్షణమున కలము పుస్తకము వైపు మొగ్గుతుందా, పరికరము వైపు మొగ్గుతుందా అన్నదే ప్రశ్న. మన ప్రాంతపు కళాశాలలలో భౌతికశాస్త్ర రికార్డు పుస్తకములను వరుసగా తిరగవేసిన వారికి ఒక వింత కనబడుతుంది. నలభై మంది విద్యార్థులు, నలభై రికార్డులు, జవాబు మాత్రము ఒక్కటే. పరికరములు పాతవి, కరెంటు నిలకడ లేనిది, చేతులు కొత్తవి. అయినను దశాంశ స్థానముతో సహా అందరికీ ఒకే అంకె వస్తుంది. దీనిని ప్రతిభ అని మేము అనజాలము.

ఇందులో విద్యార్థులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. "సరియైన" విలువకు మార్కులు, "తప్పు" విలువకు చివాట్లు లభించే చోట ఎవరైనను నేర్చుకొనేది దిద్దుటయే. అయితే శాస్త్రము పెరిగినది ఈ త్రోవను కాదు. అంకె తగ్గినపుడు దానిని దిద్దకుండ, ఎందుకు తగ్గినదని అడిగిన వారికే పదార్థము తన లోపలి సంగతి చెప్పినది. పెరోవ్‌స్కైట్ ఆక్సైడులు అనబడే పదార్థములలో పరమాణువుల క్రమభంగమునకు, అయస్కాంతత్వమునకు గల సంబంధము ఈ మాటకు చక్కని నిదర్శనము. ఆ కథను మన విద్యార్థులకు అందునట్లు చెప్పి, దాని నుండి మన కళాశాల గ్రహించవలసినది ఏమో విన్నవించుట ఈ వ్యాసము ఉద్దేశ్యము.

ముందుగా అయస్కాంతమును గురించి రెండు మాటలు. అయస్సు అనగా ఇనుము, కాంతమనగా ప్రియమైనది. ఇనుమునకు ప్రియమైనది అయస్కాంతము. ఉర్దూలో దీనికి రెండు పేర్లున్నవి. మిఖ్నాతీస్ అనునది గ్రీకు నుండి అరబ్బీ మీదుగా వచ్చిన మాట. ఆహన్‌రుబా అనునది ఫారసీ మాట. ఇనుమును అపహరించునది అని దాని అర్థము. ఒక భాషకు ప్రేమగా తోచినది మరొక భాషకు దొంగతనముగా తోచినది. భౌతికశాస్త్రము ఈ రెండింటినీ ప్రక్కన పెట్టి, ఎలక్ట్రానును చూపుతుంది. ఎలక్ట్రాను తన స్పిన్ వలన ఒక చిన్న అయస్కాంతము వలె ప్రవర్తిస్తుంది. ఇనుము, మాంగనీసు, నికెలు వంటి మూలకములలో జత కూడని ఎలక్ట్రానులు ఉన్నందున వాటి అయానులకు అయస్కాంత భ్రామకము ఉంటుంది. దానిని కొలిచే ప్రమాణము బోర్ మాగ్నెటాను.

అయితే ఒక్కొక్క అయాను అయస్కాంతమైనంత మాత్రమున పదార్థమంతా అయస్కాంతము కాదు. భ్రామకములన్నీ ఒకే దిక్కునకు తిరిగినపుడు అది ఫెర్రో అయస్కాంతము. ప్రక్కప్రక్క భ్రామకములు సమానముగా ఎదురెదురు దిక్కులకు తిరిగితే ఒకదానినొకటి రద్దు చేసుకొంటవి. అది యాంటీఫెర్రో అయస్కాంతము. ఎదురెదురుగా తిరిగినను ఒక వైపు పెద్దది, మరొక వైపు చిన్నది అయినపుడు కొంత మిగులుతుంది. అది ఫెర్రి అయస్కాంతము. అనగా అయస్కాంతత్వము పరమాణువుల స్వభావము మీద ఎంత ఆధారపడి ఉన్నదో, వాటి అమరిక మీద కూడ అంతే ఆధారపడి ఉన్నది. మన కథ అంతా ఈ ఒక్క వాక్యము చుట్టూ తిరుగుతుంది.

1839లో రష్యాలోని ఉరల్ పర్వతములలో దొరికిన ఒక ఖనిజమును జర్మను శాస్త్రవేత్త గుస్తావ్ రోజ్ వర్ణించి, లెవ్ పెరోవ్‌స్కీ అను రష్యా ప్రముఖుని పేరు దానికి పెట్టినాడు. అది కాల్షియం టైటనేటు. తరువాతి కాలములో అదే నిర్మాణము గల వందలాది ఆక్సైడులకు పెరోవ్‌స్కైటులన్న పేరు స్థిరపడినది. వాటి నిర్మాణమును ఊహించుట కష్టము కాదు. ఒక ఘనమును తలచుకొనండి. దాని ఎనిమిది మూలలలో పెద్ద అయానులు ఉంటవి. వీటిని ఎ-స్థానములు అంటారు. ఘనము నడిమధ్యలో చిన్న లోహపు అయాను ఉంటుంది, అది బి-స్థానము. ఆరు ముఖముల మధ్యలలో ఆరు ఆక్సిజను అయానులు ఉంటవి. ఇటువంటి ఘనములు ప్రక్కప్రక్కన పేర్చబడి స్ఫటికమవుతుంది. ఒక బి-అయానునకు, దాని పొరుగు బి-అయానునకు నడుమ ఎప్పుడూ ఒక ఆక్సిజను ఉంటుంది.

ఈ ఆక్సిజను వట్టి అడ్డుగోడ కాదు, మధ్యవర్తి. రెండు లోహపు అయానులు ఒకదానినొకటి తాకకపోయినను, ఒకదాని భ్రామకము ఎటు తిరిగినదో రెండవ దానికి తెలిసేది ఆక్సిజను ద్వారానే. దీనిని 1934లో క్రేమర్స్ సూచించగా, 1950లో ఆండర్సన్ సిద్ధాంతముగా మలచినాడు. ఏ అయానుకూ ఏ అయానుకూ నడుమ ఈ మధ్యవర్తిత్వము ఎట్టి ఫలితమునిచ్చునో తెలుపు సూత్రములను 1950 దశకములో గుడ్‌ఎనఫ్, కనమోరి రూపొందించినారు. వాటిలో ఒకటి మనకిక్కడ అవసరము. ఇనుము–ఆక్సిజను–ఇనుము ఒకే సరళరేఖలో ఉన్నపుడు, ఆ రెండు ఇనుముల భ్రామకములు ఎదురెదురు దిక్కులకు తిరుగుతవి. అందువలననే లాంథనం ఐరన్ ఆక్సైడు యాంటీఫెర్రో అయస్కాంతము; దానిలో ఇనుము దండిగా ఉన్నను, ఒక ఇనుము బలమును ప్రక్క ఇనుము చెరిపివేస్తున్నది.

ఇప్పుడు బి-స్థానములలో ఒకే లోహము గాక రెండు లోహములను ఒకటి విడిచి ఒకటిగా అమర్చినామనుకొనండి. వీటిని జంట పెరోవ్‌స్కైటులు అంటారు. రెండు స్ట్రాన్షియములు, ఒక ఇనుము, ఒక మాలిబ్డినము, ఆరు ఆక్సిజనులు కలిసిన స్ట్రాన్షియం ఐరన్ మాలిబ్డేటు వీటిలో పేరెన్నిక గన్నది. ఇది 1960 దశకము నుండి తెలిసిన పదార్థమే. ఇందులో ప్రతి ఇనుమునకు ఆరు దిక్కుల మాలిబ్డినమే పొరుగు. ప్రతి మాలిబ్డినమునకు ఆరు దిక్కుల ఇనుమే పొరుగు.

మన సిద్దిపేట నేతగాండ్రు నేసే గొల్లభామ చీరను చూచిన వారికి ఈ క్రమము సులభముగా బోధపడుతుంది. గొల్లభామ బొమ్మ ప్రత్యేకమైన దారము వలన వచ్చినది కాదు. ఏ రంగు పోగు ఎక్కడ పడవలెనో అక్కడ పడుట వలన వచ్చినది. అవే పోగులను, అంతే బరువున, తారుమారు చేసి నేస్తే బట్ట బట్టగానే ఉంటుంది, బొమ్మ మాత్రము ఉండదు. బట్టను తూకము వేసి చూచిన వానికి ఈ భేదము ఎన్నటికీ తెలియదు. రసాయన సూత్రము కూడ తూకము వంటిదే. ఏ మూలకము ఎంత ఉన్నదో అది చెప్పగలదు గాని, ఏది ఎక్కడ ఉన్నదో చెప్పజాలదు.

జంట పెరోవ్‌స్కైటులో పోగులు తారుమారైతే ఏమవుతుందో లెక్క వేసి చూతము. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ చేయదగిన లెక్క ఇది. ఇనుము అయాను భ్రామకము 5 బోర్ మాగ్నెటానులు; మాలిబ్డినము అయానుది 1. ఈ రెండును ఎదురెదురుగా నిలుస్తవి గనుక ఒక్కొక్క జతకు మిగిలేది 4. పది జతలను తీసుకొంటే మొత్తము 40 రావలెను. ఆ పదింటిలో ఒక ఇనుము, ఒక మాలిబ్డినము తమ స్థానములను మార్చుకొన్నవనుకొనండి. మాలిబ్డినపు స్థానములోనికి వచ్చిన ఇనుమునకు ఇప్పుడు చుట్టూ ఇనుములే పొరుగు. పైన చెప్పిన సూత్రమును బట్టి అది వాటికి ఎదురు తిరుగుతుంది. ఇనుపు స్థానముల మొత్తము తొమ్మిది అయిదులు, ఒక ఒకటి: 46. మాలిబ్డినపు స్థానముల మొత్తము తొమ్మిది ఒకట్లు, ఒక అయిదు: 14. తీసివేయగా మిగిలేది 32, అనగా జతకు 3.2. పదింట ఒకటి స్థానము తప్పితే అయస్కాంత బలములో అయిదవ వంతు పోయినది. ఎనిమిదింట ఒకటి తప్పితే మిగిలేది సరిగా 3. సగమునకు సగము తారుమారైతే మిగిలేది సున్న. నిజమైన పదార్థములో ఎలక్ట్రానులు ఇంత స్థిరముగా ఒకే చోట కూర్చుండవు. అయినను ఈ చిన్న లెక్క ప్రయోగ ఫలితములకు ఆశ్చర్యకరముగా సరిపోయినది.

ఇక చరిత్రకు వద్దాము. 1998లో జపానుకు చెందిన కోబయాషి, తోకురా మొదలైనవారు ఈ పదార్థమును గురించి నేచర్ పత్రికలో ప్రకటించినారు. గది ఉష్ణోగ్రతలోనే అయస్కాంత క్షేత్రము ప్రభావమున దీని విద్యుత్ నిరోధము గణనీయముగా తగ్గుతుందని వారు చూపినారు. దీని క్యూరీ ఉష్ణోగ్రత, అనగా వేడికి అయస్కాంత క్రమము చెదరిపోయే ఉష్ణోగ్రత, సుమారు 415 కెల్విన్. అది మరుగు నీటి ఉష్ణోగ్రత కన్న 40 డిగ్రీలు ఎక్కువ. మన ఎండలు ఎంత మండినను దీని అయస్కాంతత్వమునకు లోటు లేదు. కాని ఒక్క చిక్కు వచ్చినది. సిద్ధాంతమును బట్టి 4 రావలసిన చోట, తొలి నమూనాలలో వచ్చినది 3కు చేరువ విలువ.

వారు ఆ 3ను 4గా దిద్దలేదు. ఏ స్థానములో ఏ అయాను ఉన్నదో ఎక్స్-కిరణ వివర్తనముతో పరిశీలించినారు. ఇనుములో 26 ఎలక్ట్రానులు, మాలిబ్డినములో 42 ఎలక్ట్రానులు ఉన్నవి గనుక ఎక్స్-కిరణములు వాటిని వేర్వేరుగా గుర్తించగలవు. రెండును చక్కగా ఒకటి విడిచి ఒకటిగా ఉన్నపుడు వివర్తన పటములో కొన్ని అదనపు రేఖలు కనబడుతవి. తారుమారు పెరిగే కొలది ఆ రేఖలు మసకబారి, పూర్తిగా కలగలసినపుడు మాయమవుతవి. ఆ విధముగా కొంత ఇనుము మాలిబ్డినపు స్థానములోను, అంతే మాలిబ్డినము ఇనుపు స్థానములోను చేరినట్లు బయటపడినది. ఈ రెండు అయానుల పరిమాణములో భేదము స్వల్పము; కొలిమిలో ఒకదాని చోటున మరొకటి చొరబడుట సులభము. 1999లో ఓగలే, రమేశ్, వెంకటేశన్ ప్రభృతులు కంప్యూటరు గణనముతో ఈ తారుమారు అయస్కాంతత్వమును ఎట్లు తగ్గించునో చూపినారు. 2001లో బార్సిలోనా పరిశోధకులు వేర్వేరు క్రమము గల నమూనాలను తయారుచేసి కొలిచినారు. తారుమారు పెరిగిన కొలది అయస్కాంతత్వము సరళరేఖలో పడిపోయినది. మనము పైన వేసిన లెక్క చెప్పేది కూడ అదే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. విలువ తగ్గిన ప్రతిసారీ అది గొప్ప ఆవిష్కరణ అని మురియరాదు. ఈ పదార్థమును వండేటప్పుడు అయస్కాంతత్వము లేని స్ట్రాన్షియం మాలిబ్డేటు మాలిన్యముగా మిగిలినను అంకె తగ్గుతుంది. ఆక్సిజను పాళ్లు చెడినను మారుతుంది. తూకములో పొరపాటు జరిగినను తగ్గుతుంది. నిజాయితీ అనగా వచ్చిన అంకెను వ్రాసి చేతులు దులుపుకొనుట కాదు. అది ఏ కారణమున వచ్చినదో ఒక్కొక్క అనుమానమును పరీక్షించి తీసివేయుట. దిద్దినవాడు ఈ శ్రమను తప్పించుకొంటాడు. వ్రాసి ఊరకున్నవాడు కూడ తప్పించుకొంటాడు. శాస్త్రము ఇద్దరి పక్షమునా లేదు.

ఈ పనిలో మన దేశము వెనుకబడలేదు. 2000లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన డి.డి. శర్మ, ముంబాయి టాటా సంస్థకు చెందిన సంపత్‌కుమారన్ మొదలైనవారు ఇదే పదార్థమును క్రమము ఎక్కువగా ఉన్న రూపములోను, తక్కువగా ఉన్న రూపములోను తయారుచేసి పోల్చినారు. క్రమము చెడిన నమూనాలో, చిన్న అయస్కాంత క్షేత్రమునకే నిరోధము చటుక్కున తగ్గే గుణము పోయినది. రసాయన సూత్రము ఒక్కటే, గుణములు వేరు. లోహపు పొరలలోని ఇటువంటి ప్రభావమునకే 2007లో ఫెర్ట్, గ్రూన్‌బెర్గ్ అను ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చినది. కంప్యూటరు డిస్కులను చదివే పరికరములు దాని ఆధారమున పనిచేసినవి. ఆక్సైడులతో అట్టి పరికరములు చేయదలచిన వారికి పరమాణువుల తారుమారు వట్టి సిద్ధాంత చర్చ కాదని దీనిని బట్టి తెలుస్తుంది.

ఇంతవరకు బి-స్థానముల మాట. ఎ-స్థానములలోని క్రమభంగము కథ మరొక రకము. ఆ కథలో మన హైదరాబాదునకు కూడ పాత్ర ఉన్నది. లాంథనం మాంగనైటులలో లాంథనమునకు బదులు కొంత కాల్షియము, స్ట్రాన్షియము వంటివి చేర్చినపుడు అవి ఫెర్రో అయస్కాంతములవుతవని 1950లో హాలండుకు చెందిన యోంకర్, వాన్ సాంటెన్ కనుగొన్నారు. ఎలక్ట్రాను ఒక మాంగనీసు నుండి ఆక్సిజను మీదుగా మరొక మాంగనీసుకు దూకుట వలన రెండు భ్రామకములు ఒకే దిక్కునకు తిరుగుతవని 1951లో జీనర్ వివరించినాడు. దూకుట సులభము కావలెనంటే త్రోవ తిన్ననై ఉండవలెను. ఎ-స్థానములలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, క్రమము లేకుండ చేరితే ఆక్సిజనులు అటూ ఇటూ ఒరిగి త్రోవ వంకరపోతుంది. 1996లో రోడ్రిగెజ్-మార్టినెజ్, ఆట్‌ఫీల్డ్ ఒక చక్కని ప్రయోగము చేసినారు. ఎ-అయానుల సగటు పరిమాణమును, మాంగనీసు పాళ్లను మార్చకుండ, పరిమాణములలోని హెచ్చుతగ్గులను మాత్రము పెంచుకొంటూ పోయినారు. సగటు మారకపోయినను క్యూరీ ఉష్ణోగ్రత పడిపోయినది. సగటును మాత్రమే చూచేవారికి ఇదొక గుణపాఠము. తరగతి సగటు మార్కులు ఒకటే అయినంత మాత్రమున రెండు తరగతులు ఒక్కటి కానట్లే, సగటు ఒకటే అయినంత మాత్రమున రెండు పదార్థములు ఒక్కటి కావు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర శాఖలో ఆచార్య పి. వేణుగోపాల్ రెడ్డి గారు, వారి శిష్యులు ఈ మాంగనైటుల మీద అనేక సంవత్సరములు కృషి చేసినారు. ఎ-స్థానపు అయానుల పరిమాణభేదము మాంగనైటుల నిర్మాణము మీద, అయస్కాంతత్వము మీద, విద్యుద్వాహకత్వము మీద చూపే ప్రభావమును గురించి వారి బృందము వ్యాసము 2007లో వెలువడినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఎస్.ఎన్. కౌల్ గారు 1985లోనే, క్రమభంగము గల ఫెర్రో అయస్కాంతములు క్యూరీ ఉష్ణోగ్రత సమీపమున ఎట్లు ప్రవర్తించునో విస్తృతముగా సమీక్షించినారు. ఇంకను వెనుకకు పోతే, 1952 నుండి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా ఉన్న సూరి భగవంతం గారు స్ఫటికముల సౌష్ఠవమునకు, భౌతిక ధర్మములకు గల సంబంధమును గురించి 1966లో గ్రంథము ప్రకటించినారు. అయస్కాంత స్ఫటికముల సౌష్ఠవము మీద కూడ వారు పని చేసినారు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమమున ప్రారంభమైన విశ్వవిద్యాలయమన్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. దేశభాషలో ఉన్నత విజ్ఞానమును బోధింపవచ్చునని నిరూపించిన ఆ చోటు రాయపోలునకు ఒక పూట ప్రయాణము దూరములోనే ఉన్నది. పరమాణువుల క్రమము గురించిన పరిశోధన ఎక్కడో సముద్రములకు ఆవల జరిగేది మాత్రమే అన్న భ్రమ మన విద్యార్థులు విడువవలెను.

అయితే క్రమభంగము ఎల్లప్పుడూ శత్రువేనా? కాదు. లాంథనము, నికెలు, మాంగనీసు గల జంట పెరోవ్‌స్కైటు సుమారు 280 కెల్విన్ వరకు ఫెర్రో అయస్కాంతముగా ఉంటుంది. ఇందులో కూడ నికెలు, మాంగనీసు తారుమారైతే అయస్కాంతత్వము తగ్గుతుంది. కాని అదే పదార్థములో పాక్షికముగా క్రమము చెడిన నమూనా, గది ఉష్ణోగ్రత సమీపమున, అయస్కాంత క్షేత్రమును బట్టి తన విద్యుత్ ధారణ గుణమును బాగుగా మార్చుకొంటుందని 2012లో బెంగుళూరు శాస్త్రవేత్తలు చూపినారు. ఒక ప్రయోజనమునకు దోషమైనది మరొక ప్రయోజనమునకు గుణమైనది. కొందరు వక్తలు ఇటువంటి సంగతులను వెంటనే సంఘమునకు అన్వయించి ఉపన్యసిస్తారు. మేము ఆ పని చేయబోము. పరమాణువులు పరమాణువులే, మనుషులు మనుషులే. మేము చెప్పదలచినది ఇంతమాత్రమే: క్రమభంగమును మెచ్చుటకో తెగడుటకో ముందు, అది ఎంత ఉన్నదో కొలువవలెను. కొలిచినదానిని దాచరాదు.

కొలుచుటయే గాక, నమూనా పుట్టుపూర్వోత్తరములను కూడ వ్రాయవలెను. స్ట్రాన్షియం ఐరన్ మాలిబ్డేటును ఎన్ని డిగ్రీలలో, ఎన్ని గంటలు, ఏ వాయువులో కాల్చినారో, ఎంత నిదానముగా చల్లార్చినారో వాటిని బట్టి దాని క్రమము మారుతుంది. మన తెలంగాణమునకు ఈ జ్ఞానము కొత్త కాదు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలలో ఉక్కును వండినవారు ఇనుము, బొగ్గుల పాళ్లతోనే పని ముగిసినదని అనుకొనలేదు. కొలిమిని ఎంతసేపు ఊదవలెను, మూసను ఎట్లు చల్లార్చవలెను, ముద్దను మరల ఎట్లు కాల్చవలెను అన్న దానిలోనే వారి విద్య ఉన్నది. వాయ్సీ అను ఆంగ్లేయుడు వ్రాసిన ఆ వర్ణన 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కొరకు ఇస్ఫహాను వర్తకులు అంత దూరము వచ్చేవారు. కాని ఆ కమ్మరుల విద్య చేతి నుండి చేతికి పోయినదే గాని కాగితము మీదికి వారి చేత ఎక్కలేదు. వ్రాసి ఉంచని విద్య కొలిమి ఆరిన నాడే ఆరిపోతుంది. రికార్డు పుస్తకము విలువ ఏమిటో తెలియుటకు ఇంతకు మించిన ఉదాహరణ అక్కర లేదు.

ఇక మన కళాశాల సంగతి. "ఎక్స్-కిరణ యంత్రము మనకు ఎక్కడిది? రాయపోలులో కూర్చుండి పెరోవ్‌స్కైటుల మాట ఎందుకు?" అని కొందరు అడుగవచ్చును. యంత్రము లేదన్నది నిజమే. కాని పైన చెప్పిన శాస్త్రవేత్తలను నడిపించినది యంత్రము మాత్రమే కాదు. 3 వచ్చినపుడు 3 అని వ్రాసిన అలవాటు. ఆ అలవాటునకు ఖర్చు లేదు. మన వద్ద ఉన్న డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరుతో, ఒక దండాయస్కాంతముతో ఆ అలవాటును నేర్పవచ్చును. మన వాగుల ఇసుకలో అయస్కాంతమును త్రిప్పితే నల్లని రేణువులు అంటుకొంటవని పల్లెలోని పిల్లలందరకు తెలుసు. ఆ ఇసుకను ఎండబెట్టి, తూచి, అయస్కాంతముతో రేణువులను వేరుచేసి మరల తూచితే, నూటికి ఎంత వచ్చినదో లెక్క తేలుతుంది. ఈ ప్రయోగమునకు పుస్తకములో జవాబు లేదు. ఒడ్డున ఒక విలువ, వాగు నడుమ ఒక విలువ వస్తుంది. జవాబు లేని ప్రయోగములో దిద్దుటకు వీలుండదు. అదే దాని గొప్పతనము.

రెండవ ఆక్షేపణ ఇంకను బలమైనది. "బయటి పరీక్షకులు పుస్తకపు విలువకే మార్కులు వేస్తారు, నిజము వ్రాసిన మా పిల్లలు నష్టపోవలెనా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఈ భయమును మేము తేలికగా తీసివేయము. చిన్న ఊరి నుండి వచ్చి, ఇంటిలో మొదటిసారిగా కళాశాల గడప త్రొక్కిన విద్యార్థికి నాలుగు మార్కులు చిన్న సంగతి కావు. అందుకే ఈ భారమును విద్యార్థి భుజము మీద మాత్రమే వేయరాదని మా మనవి. పరికరము చూపిన విలువను వ్రాసి, పుస్తకపు విలువ కన్న అది ఎంత తగ్గినదో, ఎందుకు తగ్గినదో రెండు వాక్యములు వ్రాసిన విద్యార్థికి మన కళాశాల లోపలి పరీక్షలలో పూర్తి మార్కులు ఈయవలెను. కారణము వ్రాయకుండ సరియైన విలువ మాత్రము వ్రాసిన వారికి అంతకన్న తక్కువ రావలెను. ఇది మన చేతిలో ఉన్న పని. బయటి పరీక్షకుడు కూడ, తగ్గిన విలువ ప్రక్కన బుద్ధిపూర్వకమైన కారణము కనబడినపుడు, సాధారణముగా చిన్నబుచ్చడు.

కమిటీ పెద్దలకు మా విన్నపము మూడు ముక్కలలో చెప్పుతాము. మొదటిది, సంవత్సరాంతమున ఉత్తీర్ణుల శాతమును చూచి సంతోషించునప్పుడు, పది రికార్డు పుస్తకములను కూడ తెప్పించి తిరగవేయండి. అందరిదీ ఒకే అంకె అయితే సంతోషమును కొంచెము ఆపుకొనండి. రెండవది, ఏటా ఒకసారి బి.ఎస్‌సి. విద్యార్థులను ఉస్మానియా భౌతికశాస్త్ర ప్రయోగశాలకు పంపించండి. బస్సు ఖర్చు పెద్దది కాదు, ఎక్స్-కిరణ పటమును కండ్లారా చూచిన విద్యార్థి దానిని జన్మలో మరువడు. మూడవది, ఈ వార్షిక సంచికలోనే రెండు పుటలు కేటాయించి, విద్యార్థులు ఆ యేడు స్వయముగా కొలిచిన విలువలను, అవి కుదరని చోట్లతో సహా, ఉర్దూలోను తెలుగులోను అచ్చు వేయించండి. ఇసుకలోని నల్లరేణువుల లెక్క అయిదేండ్ల పాటు వరుసగా అచ్చయితే, అది మన ఊరిని గురించి మరెక్కడను దొరకని సమాచారమవుతుంది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఎం.ఎస్‌సి.కి పోతారు, ఒకరిద్దరు పరిశోధనకు కూడ పోవచ్చును. చాలమంది బడులలో ఉపాధ్యాయులో, ఆఫీసులలో ఉద్యోగులో, మందుల పరీక్షాశాలలలో పనివారో అవుతారు. ఎక్కడికి పోయినను మీ చేతికి ఒక అంకె వస్తుంది. అది ధాన్యములోని తేమ కావచ్చును, నీటిలోని ఫ్లోరైడు కావచ్చును, రోగి రక్తములోని చక్కెర కావచ్చును. రావలసినది ఇంత అని ఎవరో ముందే చెప్పి ఉంటారు. వచ్చినది వేరుగా ఉంటుంది. ఆనాడు మీ కలమును నడిపేది ఈనాడు ప్రయోగశాలలో మీరు చేసుకొన్న అలవాటే. స్ట్రాన్షియం ఐరన్ మాలిబ్డేటులో 4 రావలసిన చోట 3 వచ్చినపుడు, ఆ తక్కువైన ఒకటిలోనే స్థానము తప్పిన ఇనుము లెక్క అంతా ఉన్నది. దిద్ది ఉంటే అంకె అందముగా ఉండేది. పదార్థము మాత్రము తెలియకుండ పోయేది.